అరవై అడుగులకు ఒకసారి

వార్నంబూల్
మార్చి 11

మెర్ల్‌కు,

కుక్క చేరింది. ఉన్ని లారీ డ్రైవరు దాన్ని గేటు దగ్గర దింపి సంతకం పెట్టమన్నాడు. ఏదో బస్తా అందుకున్నట్టు పెట్టాను.

చీటీలో నువ్వు రాసింది ఒక్క వాక్యం: "ఇది ఫెర్న్, ఆరేళ్లు, మీకు పంపమని నెవిల్ చెప్పి పోయాడు." పంతొమ్మిదేళ్లుగా నీ భర్త, నా తమ్ముడు, నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అలాంటివాడు తన పనికుక్కను నాకెందుకు వదిలి వెళ్లాడో చీటీలో లేదు. అంత్యక్రియలకు ఎందుకు రాలేదని నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. గుండె ఆపరేషన్ అయి అప్పటికి ఐదు వారాలు, కారు నడపకూడదన్నారు. ఇది నిజం. బస్సు ఉందన్నది కూడా నిజం.

అసలు సంగతికి వస్తాను. ఆసుపత్రిలో గుండె రోగుల వ్యాయామ తరగతి ఒకటుంది. దాన్ని కొరాలీ అనే నర్సు నడుపుతుంది. రోజూ అరగంట ఆగకుండా నడవాలట. మాట్లాడగలిగేంత వేగం ఉండాలి, పాడగలిగేంత నిదానం ఉండకూడదు. నేను జన్మలో పాడలేదు, కనుక ఆ కొలత నాకు పనికిరాదు. ఆవిడ చేతికి ఒక గడియారం కట్టింది. అది అడుగులు లెక్కపెడుతుంది, ఆగితే మణికట్టు మీద గిల్లినట్టు వణుకుతుంది. కుక్క ఉంటే నడక అలవాటవుతుందని తరగతిలో అందరూ నాకు శుభాకాంక్షలు చెప్పారు.

నీ కుక్క నడవదు, మెర్ల్. కాస్త దూరం చక్కగా నడుస్తుంది, తర్వాత ఆగి కూర్చుంటుంది. మళ్లీ లేచి నడుస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. అరగంట నడక గంటన్నర పడుతోంది. గడియారం వణికి వణికి చచ్చిపోతోంది. దీనికేదైనా జబ్బుంటే దాచకుండా రాయి. ఫోను చేయవద్దు. నాకు సరిగా వినపడదు, వినపడినా నచ్చదు.

హెడ్లీ


కాస్టర్టన్ దగ్గర, రెడ్ గమ్ ఫ్లాట్
మార్చి 29

హెడ్లీ గారికి,

ఫెర్న్‌కు జబ్బు లేదు. నవంబరు దాకా రోజూ గొర్రెలు తోలింది. అనుమానముంటే పశువుల డాక్టరుకు చూపించుకోండి.

ఆగితే ఆగనివ్వండి. తొందరపెట్టకండి. తనంతట తనే లేస్తుంది.

మీకెందుకు పంపమన్నాడో నన్ను అడగకండి. చెప్పొద్దని ఆయన మాట తీసుకున్నాడు. మీకు ఆపరేషన్ అయిందని డిసెంబరులో తెలిసినప్పుడు ఆయన మంచం మీదే ఉన్నాడు. ఆ వారమే కుక్క సంగతి తేల్చేశాడు.

సెప్టెంబరు 15న నేను కంటి డాక్టరు దగ్గరకు మీ ఊరు రావాలి. ఆ రోజు మీతో, ఫెర్న్‌తో ఒకసారి నడవాలని ఉంది. అందాకా దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచండి. మిమ్మల్ని నేను అడిగేది ఇదొక్కటే.

మెర్ల్


వార్నంబూల్
మే 2

మెర్ల్‌కు,

పశువుల డాక్టరు దాని కాళ్లు వంచి చూశాడు, గుండె విన్నాడు. కుక్క గుండె నా గుండె కన్నా మేలన్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, మనిషి ముఖం మీద అలా అనకూడదని ఇంకా తెలియదు.

అంటే ఇది జబ్బు కాదు, మొండితనం. మొండితనం మా ఇంటి సొత్తు కాబట్టి నాకు బాగా తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్లు పత్రికలో ఇతరుల తప్పులు దిద్దినవాణ్ని, ఏ తప్పయినా ముందు గమనించాలి, తర్వాతే దిద్దాలి. రెండు వారాలు గమనించాను. సరిగ్గా అరవై అడుగులకు ఒకసారి ఆగుతుంది. ఎప్పుడూ నా ఎడమ పక్కనే కూర్చుంటుంది, భుజం నా మోకాలికి గట్టిగా ఆనించి. ఇరవై సార్లు ఊపిరి తీసేంత సేపు ఉంటుంది. అప్పుడు నా ముఖంలోకి చూసి లేస్తుంది. నేను లాగితే కదలదు. రోమను సైనికులు రోజుకు ఇరవై మైళ్లు నడిచేవారని చదివాను. వాళ్ల వెంట కుక్కలు కూడా ఉండేవట. అవి అరవై అడుగులకోసారి కూర్చునేవని ఏ చరిత్రకారుడూ రాయలేదు.

ఇక్కడ లాన్స్ అని ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరున్నాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద, రెండు గుండె ఆపరేషన్లు. సముద్రం ఒడ్డున దారిలో రోజూ నన్ను దాటుతూ టోపీ ఎత్తి, "కుక్క మిమ్మల్ని నడిపిస్తోందా, కూర్చోబెడుతోందా?" అంటాడు. తరగతి గోడ మీద మా అందరి అడుగుల పట్టిక ఉంది. అందులో నాది అట్టడుగు గీత. నా కింద ఉన్నాయన ఈస్టరు ముందు పోయాడు.

నీ భర్త నాకు ఈ కుక్కను పంపడం కక్షే అనుకుంటున్నాను. చిన్నప్పుడూ ఇదే కథ. బడికి రెండు మైళ్లు. పోలియో వచ్చి తగ్గాక నెవిల్ ఎడమకాలికి ఇనుప పట్టీలు వేశారు. కంచె వెంబడి ఆరు గుంజలు నడిచి, ఏడో గుంజ పట్టుకుని నిలబడేవాడు. మళ్లీ ఆరు గుంజలు. బడి గంట కొట్టే పని నాది. వాడి కోసం ఆగి, గంట కొట్టడం ఆలస్యమై నేను తిన్న దెబ్బలు పదకొండు. తర్వాత ఆగడం మానేశాను. వాడు ఆరేళ్లవాడు, నేను తొమ్మిదేళ్లవాణ్ని. తొమ్మిదేళ్లవాడికి ఏ పాటి దయ ఉంటుంది? మా అమ్మ మాత్రం చచ్చేదాకా ఆ సంగతి ఎత్తుతూనే ఉంది.

పంతొమ్మిదేళ్ల నాటి గొర్రెకుక్కల పోటీ సంగతీ ఎత్తుతావేమో, నేనే ఎత్తుతాను. కుక్కతో గొర్రెలను దొడ్లోకి తోలించడానికి అందరికీ పదిహేను నిమిషాలు, నెవిల్‌కు మాత్రం కాలు బాగాలేదని పదిహేడు. వాడు గెలిచాడు. నేను పత్రికలో రాశాను: రెండు నిమిషాలు దయగా ఇస్తే అది పోటీ కాదు, పరామర్శ అని. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. గడియారం అందరికీ ఒకటే. ఇప్పటికీ అదే అంటాను.

హెడ్లీ


రెడ్ గమ్ ఫ్లాట్
మే 20

హెడ్లీ గారికి,

మీరు రాసిన ఆ వ్యాసం ఆయన వంటింటి బల్ల దగ్గర నిలబడి చదివాడు. కూర్చోలేదు. మర్నాడు పోటీలో గెలిచిన కప్పును దాణా సంచిలో పెట్టుకుని వెళ్లి కమిటీకి తిరిగి ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడూ పోటీకి వెళ్లలేదు. "రాసింది తప్పా?" అని ఒక్కసారి నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే, "తప్పు కాదులే, మా అన్న తప్పు రాయడు," అన్నాడు. ఆ మాటకు నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మీ మే 2 ఉత్తరం నా దగ్గరుంది. నకలు తీసి దీంతోపాటు పంపుతున్నాను. నిదానంగా ఒకసారి చదువుకోండి. మీరు రాసిందే.

ఫెర్న్‌ను లాగకండి.

మెర్ల్


వార్నంబూల్
జూలై 30

మెర్ల్‌కు,

నా ఉత్తరం చదువుకున్నాను. ఒకచోట కామా అనవసరం. అంతకు మించి తప్పేమీ కనపడలేదు.

జవాబు ఆలస్యమైంది, ఎందుకంటే పనిలో ఉన్నాను. ఇప్పుడు చెప్పదగ్గ వార్త ఉంది. ఫెర్న్ ఆగడం మానేసింది.

ఎలా అంటావా? కుక్కల శిక్షణ మీద లైబ్రరీలో ఉన్న పుస్తకాలు నాలుగూ చదివాను, మూడు చెత్త. నాలుగో దాన్నిబట్టి, అలవాటు ఒక పక్కన ఉంటుంది. పక్క మారిస్తే అలవాటుకు చోటుండదు. కాబట్టి ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మార్చాను. తాడు పొట్టి చేశాను. యాభై అయిదో అడుగు దగ్గర ఎండు కార్జం ముక్క దాని ముక్కు ముందు పెట్టి, చెయ్యి ముందుకు జరుపుతూ డెబ్బై దాకా తీసుకెళ్లి అప్పుడు ఇచ్చాను. మొదటి వారం అది నన్ను దాటి ఎడమ పక్కకు రావాలని తాడుకు అడ్డం పడేది. ఒకటి రెండుసార్లు వణికింది కూడా. రెండో వారం ఆగబోయి, నన్ను చూసి, నడిచింది. ఐదో వారానికి కార్జం లేకుండానే నడిచింది. ఇప్పుడు ఒడ్డు చివర అలలకు అడ్డుగా కట్టిన గోడ దాకా వెళ్లి రావడం నలభై నిమిషాలు. ఒక్కసారి కూడా ఆగదు. నిన్న లాన్స్‌ను దాటాం. నేను టోపీ ఎత్తాను.

శుక్రవారం కొరాలీ నడక పరీక్ష పెట్టింది. డెబ్బై దాటినవాళ్లకు రెండు నిమిషాలు అదనంగా ఇస్తారని కార్డు మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ లెక్కన గట్టెక్కాను. గోడ మీద నా గీత ఇప్పుడు పైనుంచి మూడోది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి బతికి ఉన్నట్టు అనిపించింది, ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరులో వచ్చి చూడు. నెవిల్ ఆరేళ్లలో నేర్పలేనిది నేను ఆరు వారాల్లో నేర్పాను.

హెడ్లీ


రెడ్ గమ్ ఫ్లాట్
ఆగస్టు 8

హెడ్లీ,

ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఈసారి చించను.

ఆ ఆగడం ఫెర్న్‌ది కాదు. నెవ్‌ది.

కంచె గుంజకూ గుంజకూ మధ్య ఆయనకు పది అడుగులు. ఆరు గుంజలు నడిచి ఆగేవాడు. ఆరేళ్లప్పుడు అలా మొదలైంది, డెబ్బై ఒక్క ఏళ్ల దాకా అలాగే నడిచాడు. గుంజలు లేని చోట కూడా అరవై అడుగులకు ఆగేవాడు, తుంటి అంతకు మించి ఒప్పుకునేది కాదు. ఫెర్న్ పిల్లగా ఉన్నప్పుడే ఆయన వెంట తిరిగి తిరిగి ఆ లెక్క నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. ఆయన ఆగబోయే ముందే అది వచ్చి ఎడమ మోకాలికి భుజం ఆనించి కూర్చునేది, ఆయన దాని తల మీద చెయ్యి వేసి నిలబడేవాడు. నొప్పి తగ్గాక దాని చెవి మెల్లగా లాగేవాడు. అప్పుడు అది ఆయన ముఖంలోకి చూసి లేచేది. నీ ఉత్తరంలో ఇదంతా నువ్వే రాశావు. ఒక పేరాలో కుక్క ఆగడం, తర్వాతి పేరాలో తమ్ముడు ఆగడం. ముప్ఫై ఒక్క ఏళ్లు తప్పులు వెతికినవాడివి, నీ కళ్ల ముందున్నది నీకు కనపడలేదు.

రోజూ సాయంత్రం వంటింటి కిటికీలోంచి వాళ్లిద్దరూ కంచె వెంట రావడం చూసేదాన్ని. ఆయన పోయాక ఫెర్న్ ఒక్కతే ఆ దారిన వచ్చేది, అలాగే ఆగుతూ. పక్కన మనిషి లేడు, అంతే తేడా. దాన్ని లారీ ఎక్కించిన రోజు నేను ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ఎందుకు పంపాడో అడిగావు. నీకు గుండె బాగాలేదని తెలిసినప్పుడు ఆయన అన్నది ఇది: "డాక్టర్లు వాణ్ని నడవమంటారు. వాడు పరుగెత్తుతాడు. ఫెర్న్‌ను పంపు, ఆపుతుంది. ఎందుకు ఆగుతుందో నువ్వు చెప్పకు మెర్ల్, దానితో నడిస్తే వాడికే తెలుస్తుంది. తెలిస్తే చాలు, ఇంకేమీ రాయక్కర్లేదు." ఆయన నీ మీద కక్షతో పంపలేదు. నీతో కలిసి నడవాలని పంపాడు.

ఆ రెండు నిమిషాలు తీసుకున్నావన్నమాట. మంచిది. తీసుకోవాల్సిందే. ఆయన కూడా అదే అనేవాడు. నేను మాత్రం ఆయనంత మంచిదాన్ని కాను, అందుకే రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. మే నెలలో నీ ఉత్తరం చదివినప్పుడే నువ్వు దాన్ని మార్చేస్తావని నాకు భయం వేసింది. ఒక్క ముక్క రాస్తే ఆగిపోయేవాడివి. రాయలేదు. నెవ్‌కు మాటిచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. నువ్వు తెలివితక్కువవాడిగా నిలబడాలని నాకు ఉండింది, పంతొమ్మిదేళ్లుగా ఉండింది. నువ్వు నిలబడ్డావు. దానికి మూల్యం నేను చూడాలనుకున్న నడక.

మెర్ల్


వార్నంబూల్
ఆగస్టు 13

మెర్ల్,

ఉత్తరం అందింది. సెప్టెంబరు పదిహేనున తప్పకుండా రా.

హెడ్లీ


వార్నంబూల్
సెప్టెంబరు 24

మెర్ల్,

నువ్వు బస్సెక్కి తొమ్మిది రోజులైంది. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఎదురుగా చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు.

నీ ఆగస్టు ఉత్తరం తర్వాత నెల రోజులు ప్రయత్నించాను. కుక్కను తిరిగి ఎడమ పక్కకు మార్చాను. అరవై దగ్గర ఆగి మోకాలు చూపించాను, కూర్చోమన్నాను, కార్జం చూపించాను. కార్జం తిని నడవబోయింది. మోకరిల్లి దాని భుజాన్ని చేత్తో నా కాలికి ఆనించాను. ఒడ్డున వెళ్తున్న ఒకామె నాకు ఒంట్లో బాగాలేదనుకుని అంబులెన్సుకు ఫోను చేయబోయింది. ఫెర్న్ నేను చెప్పిన ప్రతి పనీ చేసింది. కూర్చోమంటే కూర్చుంది. అరవై దగ్గర తనంతట తను మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. నేను తుడిచేసింది నాకు మళ్లీ రాయడం రాలేదు.

నువ్వు వచ్చిన రోజు డాక్టరు కళ్లలో చుక్కలు వేశాడని, అంతా మంచులా ఉందని అన్నావు. నా చెయ్యి పట్టుకున్నావు. అరవై అడుగులయ్యాక నేను ఆగాను. "ఆగిందా?" అని అడిగావు. "ఆగింది. కూర్చుంది," అన్నాను. మెర్ల్, అది కూర్చోలేదు. నాలుగు అడుగులు ముందుంది, తాడు బిగిసి నా వేళ్లు నొప్పి పెట్టాయి. నువ్వు వంగి నా ఎడమ మోకాలి దగ్గర దాని తల కోసం చెయ్యి చాపావు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నావు. మళ్లీ అరవైకి నేను ఆగితే ఏమీ అడగలేదు. అలా అలల అడ్డుగోడ దాకా నడిచాం, ఆగినప్పుడల్లా ఇరవై ఊపిర్లు, నువ్వూ నాతో పాటు లెక్కపెట్టడం వినపడింది. బస్సు దగ్గర "బాగా నడిచావు హెడ్లీ" అన్నావు. ఆ మాట నాతోనే అన్నావా, నాకు తెలియలేదు.

వ్యాసం గురించి కూడా రాయాలి. అక్షరం అబద్ధం లేదని రాశాను కదా. నిజమే, లేదు. ఆ పోటీ రోజు నేను కంచె దగ్గరే నిలబడి ఉన్నాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నెవిల్ నా కోసం చూశాడు. నేను చేతి గడియారం చూసుకుంటున్నాను. అది వ్యాసంలో రాయలేదు.

ఇప్పటికీ రోజూ వెళ్తున్నాం. నేను ఎడమ పక్కన తాడు పట్టుకుని అరవై లెక్కపెట్టి ఆగుతాను. గడియారం వణుకుతుంది, వణకనిస్తాను. గోడ మీద నా గీత మళ్లీ కిందికి వచ్చింది. కొరాలీ కారణం అడిగింది. తుంటి నొప్పి అని చెప్పాను, ఎవరిదో చెప్పలేదు. మధ్యలో ఆగినా ఫరవాలేదు, మొత్తం అరగంట నడిస్తే చాలని, అది మొదటి రోజు ఇచ్చిన కాగితంలోనే ఉందని చెప్పింది. ఆ కాగితం తీసి చూశాను, ఉంది. లాన్స్ దాటుతూ టోపీ ఎత్తితే ఎత్తుకోనీ అనుకున్నాను. నిన్న ఎత్తలేదు. నాతో పాటు ఇరవై ఊపిర్లు ఆగి, ముందుకు వెళ్లాడు.

నేను ఆగినప్పుడు ఫెర్న్ ఏం చేస్తుందో నీకు తెలియాలి, నీ కళ్లకు ఆ రోజు కనపడలేదు. నాలుగు అడుగులు ముందు నిలబడి, మెడ తిప్పి వెనక్కి నా వైపు చూస్తుంది. కోపమేమీ ఉండదు ఆ చూపులో. తొందర మాత్రం ఉంటుంది, ఇంకా ఎంతసేపు అన్నట్టు. గంట కొట్టాల్సిన పని ఏదో తన మీద ఉన్నట్టు. బడి దారిలో ఏడో గుంజ దగ్గర నిలబడి, మీ ఆయన రోజూ నా ముఖంలో చూసింది ఆ చూపే.

నేను దానికేసి చూస్తూ ఇరవై లెక్కపెడతాను. తర్వాత నడుస్తాను.

హెడ్లీ